దూరమైనవారి స్వరం వినే దేవుడు

ధ్యాన భాగము: ఆదికాండము 16, 21 అధ్యాయములు, 139వ కీర్తన



కొల్లేటి పల్లెల్లో పెద్దవాళ్ళను వయసు అడిగితే సంవత్సరం చెప్పరు. "ఉప్పెనొచ్చిన ఏడాది నా పెళ్ళయ్యిందండి" అంటారు. "ఉప్పెనప్పుడు మా పెద్దోడు కడుపులో ఉన్నాడండి" అంటారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఆ ఉప్పెన ఒక్క రాత్రిలో వేలమందిని తీసుకుపోయింది. ఆ ఏడాదే, దానికి రెండున్నర నెలల ముందు, సెప్టెంబరు 5న అమెరికాలోని ఫ్లోరిడా తీరం నుంచి వాయేజర్-1 అనే అంతరిక్ష నౌక బయలుదేరింది. దాని జంట వాయేజర్-2 అంతకు పదహారు రోజుల ముందే, ఆగస్టు 20న వెళ్ళిపోయింది. ఉప్పెన నాటి చంటిపిల్లలు ఈరోజు మనవలను ఎత్తుకుంటున్నారు. ఆ నౌకలు రెండూ ఇంకా వెళ్తూనే ఉన్నాయి. వాటిలో మనుషులెవరూ లేరు. వాటికి తిరుగు ప్రయాణం లేదు.

మేము సెమినరీలో చదువుకున్నది వేదాంతమే గాని సైన్సు కాదు. అయినా ఈ యాత్ర గురించి చదివిన ప్రతిసారీ, రాత్రి గొర్రెల దగ్గర పడుకుని ఆకాశం వైపు చూసిన దావీదు మాకు గుర్తొస్తాడు. ఇంత ఆకాశంలో మనిషి ఏపాటివాడని ఆయన అడిగాడు కదా. మన కొల్లేటి చేపల చెరువుల మీద కాపలా ఉండే తమ్ముళ్ళకు ఆ ప్రశ్న బాగా తెలుసు. చుట్టూ నీళ్ళు, పైన చుక్కలు, పాకలో ఒక్కడే. అలాంటి ఒక తమ్ముడు ఒకసారి మాతో, "అయ్యగారండీ, అర్ధరాత్రి దాటాక ఆకాశం చూస్తే భయమేస్తాదండి, మళ్ళీ చూడకుండా ఉండలేనండి" అన్నాడు. ఈ వారం ఆ భయమూ ఆ ఆశ్చర్యమూ రెండూ మనసులో పెట్టుకుని ఈ మాటలు చదవండి.

ముందు దూరం సంగతి చూద్దాం. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం సుమారు యాభై కిలోమీటర్లు. వాయేజర్-1 ఆ దూరాన్ని మూడే మూడు సెకన్లలో దాటుతుంది. సెకనుకు సుమారు 17 కిలోమీటర్లు దాని వేగం. ఆ వేగంతో దాదాపు అర్ధ శతాబ్దం రాత్రింబగళ్ళు ఆగకుండా వెళ్తే ఎంత దూరం పోతుంది? ఇప్పుడది భూమికి సుమారు 2,500 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. మనిషి చేతులతో చేసిన వస్తువుల్లో ఇంత దూరం పోయినది మరొకటి లేదు. 1979లో గురుగ్రహం దగ్గర నుంచి, 1980లో శనిగ్రహం దగ్గర నుంచి పోయింది. 2012 ఆగస్టు 25న సూర్యుని నుంచి వీచే గాలి ఆగిపోయే హద్దును కూడా దాటి, నక్షత్రాల మధ్య ఉండే చీకటిలోకి ప్రవేశించింది.

దానితో మాట్లాడాలంటే రేడియో సంకేతం పంపాలి. ఆ సంకేతం వెలుగుతో సమానమైన వేగంతో, సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. అయినా వాయేజర్-1ను చేరడానికి 23 గంటలకు పైగా పడుతోంది. ఆదివారం ఉదయం ఆరాధన మొదలయ్యే వేళకు "బాగున్నావా" అని అడిగామనుకోండి. ఆ మాట దానికి సోమవారం ఉదయం వినబడుతుంది. అది వెంటనే "బాగున్నాను" అన్నా ఆ జవాబు మనకు మంగళవారం ఉదయానికి వస్తుంది. 2026 నవంబరులో ఈ దూరం వెలుగుకు సరిగ్గా ఒక రోజు ప్రయాణమవుతుందని లెక్కగట్టారు.

చలికాలంలో మన కొల్లేటికి ఉత్తర దేశాల నుంచి బాతులు ఎగిరి వస్తాయి. ఆటపాక వెళ్ళి పిల్లలకు పక్షుల్ని చూపించినవాళ్ళు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అంత దూరం నుంచి వచ్చిన పక్షి కూడా ఎండలు ముదరకముందే వచ్చిన దారిన తిరిగి పోతుంది. గూడు ఎక్కడుందో దానికి తెలుసు. వాయేజర్‌కు అలాంటి గూడు లేదు. పోవడమే దాని పని.

అయితే అది ఒట్టి చేతులతో పోలేదు. ఒక్కో వాయేజర్‌కు బంగారు పూత పూసిన రాగి రికార్డు ఒకటి బిగించారు. ఎప్పుడైనా ఎవరికైనా దొరికితే భూమి మీద ఎవరుండేవారో తెలియాలని దానిలో వాన చప్పుడు, కప్పల అరుపులు, రైలు కూత, పసిబిడ్డ ఏడుపు, ఆ బిడ్డను లాలించే తల్లి గొంతు నింపారు. 55 భాషల్లో పలకరింపులు పెట్టారు. వాటిలో మన తెలుగు ఉంది. తెలుగు మాట్లాడే జనం తరఫున ఒక గొంతు నమస్కారం చెప్పి, శుభాకాంక్షలు అందిస్తుంది. మనలో ఎవరమూ ఎన్నడూ వెళ్ళలేని చోటికి మన భాష వెళ్ళిపోయింది. మొదటిసారి ఈ సంగతి తెలిసినప్పుడు మా ఇంట్లో అందరం కాసేపు మాట్లాడలేకపోయాం.

ఆ రికార్డులో మన దేశపు సంగీతం కూడా ఒకటుంది. కేసర్‌బాయి కేర్కర్ అనే గొప్ప గాయని పాడిన "జాత్ కహా హో". ఆ మాటలకు అర్థం, ఎక్కడికి వెళ్తున్నావు అని. వాయేజర్-1 బయలుదేరిన ఆ సెప్టెంబరు నెలలోనే ఆవిడ కన్నుమూశారు. ఎక్కడికి వెళ్తున్నావనే ఆ ప్రశ్న మాత్రం నక్షత్రాల మధ్య ప్రయాణిస్తూనే ఉంది. ఆ ప్రశ్నను జ్ఞాపకముంచుకోండి. కొంచెం ఆగాక మళ్ళీ దాని దగ్గరికి వద్దాం.

1990 ఫిబ్రవరి 14న శాస్త్రవేత్తలు వాయేజర్-1 కెమెరాను వెనక్కి తిప్పించారు. అప్పటికి అది సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ ఫొటోలో మన భూమి ఒక చుక్కంత కూడా కనబడదు. ఏలూరు, కొల్లేరు, కువైట్, సముద్రాలు, రాజ్యాలు, ఉప్పెనలు, పెళ్ళిళ్ళు, సమాధులు అన్నీ ఆ నలుసులోనే ఉన్నాయి. ఆ వరస ఫొటోలు తీశాక కెమెరాలు ఆపేశారు. చూడటానికి ఇక ఏమీ లేదు, కరెంటు పొదుపు చేయాలి. వెళ్ళిపోయే బిడ్డ బస్సు కిటికీలోంచి చివరిసారి వెనక్కి చూసినట్టు అది మనల్ని చూసింది. ఆ తర్వాత దానికి చూపు లేదు. స్వరం మాత్రం ఉంది.

ఆ స్వరం ఎంత చిన్నదో వినండి. మన ఇళ్ళలో ఉండే పాత ట్యూబ్‌లైటు 40 వాట్లు. వాయేజర్ ట్రాన్స్‌మిటర్ శక్తి సుమారు 23 వాట్లు, అంటే ఆ లైటులో సగం పైచిలుకు. అంత చిన్న శక్తితో 2,500 కోట్ల కిలోమీటర్ల అవతల నుంచి పలుకుతుంటే ఎవరికి వినబడుతుంది? వినాలని కూర్చున్నవాళ్ళకు వినబడుతుంది. అమెరికాలోని గోల్డ్‌స్టోన్‌లో, స్పెయిన్‌లో మాడ్రిడ్ దగ్గర, ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా దగ్గర పెద్ద పెద్ద యాంటెన్నాలున్నాయి. పెద్దవాటి వెడల్పు 70 మీటర్లు. భూమి తిరిగేకొద్దీ ఒకటి పక్కకు పోతే మరొకటి అటు తిరుగుతుంది. నౌక చిన్నగా పలికేకొద్దీ ఇవతల చెవి పెద్దది కావాలి.

2023 జులైలో ఒక సంగతి జరిగింది. భూమి నుంచి వెళ్ళిన ఒక తప్పు ఆదేశం వల్ల వాయేజర్-2 యాంటెన్నా రెండు డిగ్రీలు పక్కకు తిరిగింది. రెండంటే రెండే డిగ్రీలు. దానితో మాటలు తెగిపోయాయి. అయినా శాస్త్రవేత్తలు వినడం మానలేదు. కొద్దిరోజులకు, లోపల ప్రాణముందని చెప్పే గుండె చప్పుడు లాంటి సన్నని సంకేతం మాత్రం దొరికింది. అప్పుడు కాన్‌బెర్రా నుంచి ఉన్న శక్తంతా పెట్టి, కేక వేసినట్టుగా ఒక ఆదేశం పంపారు. పోవడానికి 18 గంటల పైన, రావడానికి 18 గంటల పైన. మొత్తం 37 గంటలు ఎదురుచూశారు. ఆగస్టు 4న అది మళ్ళీ భూమి వైపు తిరిగి మాట్లాడింది. ఒకవేళ ఆ కేక వినబడకపోయినా, అక్టోబరులో అది తనంతట తానే దిక్కు సరిచేసుకునేలా ముందే ఏర్పాటు చేసి ఉంచారట.

అదే ఏడాది నవంబరులో వాయేజర్-1కు మరో కష్టం వచ్చింది. పలుకుతోంది గాని ఆ పలుకుకు అర్థం లేదు. ఐదు నెలలు ఇంజనీర్లు ఆ అర్థంలేని మాటల ముందు కూర్చున్నారు. దాని జ్ఞాపకశక్తిలో ఒక చిప్ పాడైందని కనిపెట్టి, అక్కడ ఉండాల్సిన మాటలను ముక్కలు చేసి వేరే చోట్ల సర్దారు. 2024 ఏప్రిల్ 20న దాని నుంచి అర్థమైన మాట వచ్చింది. పక్షవాతం వచ్చి మాట తడబడే తండ్రి దగ్గర, ఏం చెబుతున్నాడో పట్టుకునేదాకా ఓపికగా కూర్చునే బిడ్డలను మన సంఘంలో చూశాము. వాళ్ళే గుర్తొచ్చారు.

ప్రియులారా, యంత్రానికి ఒంటరితనం ఉండదు. దానికి భయమూ లేదు, బెంగా లేదు. దాన్ని చూసి మన గుండె ఎందుకు బరువెక్కుతుందంటే, మనకు ఒంటరితనం తెలుసు కాబట్టి. వాయేజర్ గురించి మాట్లాడుతున్నామనుకుంటాం గాని, మనసులో మనవాళ్ళెవరో మెదులుతారు.

మన సొంత తీరం నుంచి వెళ్ళిన నౌక సంగతి కూడా చెప్పుకోవాలి. మనకు కొల్లేరు ఎలాగో నెల్లూరు వైపువారికి పులికాట్ అలాగ. ఆ సరస్సు పక్కనే శ్రీహరికోట ఉంది. అక్కడి నుంచి 2013 నవంబరు 5న మంగళయాన్ ఎగిరింది. 2014 సెప్టెంబరు 24 ఉదయం అంగారకుని చేరింది. ఆ ఉదయం దాని ఇంజను సుమారు 24 నిమిషాలు మండాలి. ఆ మండుతున్న సమయంలోనే అది అంగారకుని వెనక్కి పోయింది. మన చెవులకు అందకుండా పోయింది. చేయాల్సిన పనంతా కొన్ని రోజుల ముందే దానిలో రాసిపెట్టారు. ఆ మౌనంలో బెంగళూరులో కూర్చున్నవాళ్ళు చేయగలిగింది ఒక్కటే, ఎదురుచూడటం. గ్రహం చాటు నుంచి బయటికి వచ్చాక సంకేతం వచ్చింది. పని ముగిసింది అని. అసలు ముఖ్యమైన పని జరిగింది ఆ మౌనంలోనే.

ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్న మంగళయాన్ ఏడేళ్ళ పైన పనిచేసింది. 2022 ఏప్రిల్‌లో సూర్యకాంతి అందని ఒక సుదీర్ఘ గ్రహణం తర్వాత దాని స్వరం ఆగిపోయింది. ఇక దాన్ని తిరిగి పలికించలేమని ఆ అక్టోబరులో ఇస్రో ప్రకటించింది. వాయేజర్లకు కూడా ఆ రోజు దగ్గరపడుతోంది. వాటిలోని ప్లుటోనియం వేడి నుంచి వచ్చే కరెంటు ఏటా నాలుగు వాట్ల చొప్పున తగ్గిపోతోంది. ఇంట్లో ఒక్కొక్క గదిలో దీపం ఆర్పుతూ వచ్చినట్టు ఒక్కొక్క పరికరాన్ని ఆపుతున్నారు. 2025లో కూడా రెండింటిలోనూ ఒక్కొక్కటి ఆపారు.

ఇదంతా మేము సండే స్కూల్లో పెద్ద పిల్లలకు చెబుతుంటే, తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "అయ్యగారండీ, దాని కరెంటు అయిపోయాక, అదెక్కడుందో ఎవరికి తెలుస్తాదండి?" అని అడిగింది.

ఆ గదిలో ఉన్న పెద్దవాళ్ళం అందరం ఒక్క క్షణం నేల చూశాం. ఆ పిల్ల ఎవరి గురించి అడుగుతోందో మాకు తెలుసు.

ఆ ఇంటివారి అనుమతితో, పేర్లు లేకుండా ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. ఆ పిల్లకు ఐదేళ్ళప్పుడు తల్లి ఇంటిపని కోసం కువైట్ వెళ్ళింది. అప్పులు తీర్చి, పిల్లను చదివించి, ఒక గది వేసుకోవాలని. పిల్లను అమ్మమ్మ దగ్గర వదిలింది. మొదటి రెండేళ్ళు ప్రతి శుక్రవారం ఫోను వచ్చేది. తర్వాత నెలకోసారి. తర్వాత లేదు. వేరే ఇంటికి మారిందని ఒకరన్నారు. ఏదో జబ్బు చేసిందని ఇంకొకరన్నారు. పంపిన ఏజెంటు ఊరు వదిలి పోయాడు. మన సంఘపు యువకులు అర్జీలు రాసిపెట్టారు, కాని ఇంట్లో పాస్‌పోర్టు నకలు కూడా లేకపోవడంతో చాలా కష్టమైంది. ఈనాటికీ కబురు లేదు.

అమ్మమ్మ దగ్గర ఒక చిన్న బటన్ల ఫోను ఉంది. ఆ నంబరే కూతురికి తెలిసినది. మామ్మ నెలనెలా దానికి రీఛార్జి చేయిస్తుంది. మన లంకల్లో సిగ్నల్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. శుక్రవారం సాయంత్రమైతే ఆ ఫోను పట్టుకుని చెరువుగట్టు ఎక్కి కూర్చుంటుంది. "దండగ కదా, ఆ డబ్బుతో పిల్లకి పుస్తకాలొస్తాయి" అని బంధువులంటున్నారు. ఒకరోజు ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఆవిడే అడిగింది. "అయ్యగారూ, ఈ నంబరు తీసెయ్యమంటున్నారండి అందరూ. మీరేమంటారండి?"

ఇలాంటి ప్రశ్నలకు జవాబులు సెమినరీ పుస్తకాల్లో ఉండవు. బైబిలు తెరిచి హాగరు కథ చదివాము.

హాగరు ఐగుప్తు నుంచి వచ్చిన పనిమనిషి. దేశం కాని దేశంలో, పరాయి ఇంట్లో, ఎడారి అంచున బ్రతికిన ఆడబిడ్డ. 16వ అధ్యాయం జాగ్రత్తగా చదివితే ఒక సంగతి కనబడుతుంది. అక్కడ శారయి గాని అబ్రాము గాని ఆమెను దాసి అంటారే గాని పేరు పెట్టి పిలవరు. ఆమె బాధ భరించలేక పారిపోయి ఎడారిలో నీటిబుగ్గ దగ్గర కూర్చుంటే, దేవుని దూత వచ్చి పేరు పెట్టి పిలిచాడు. ఎక్కడినుంచి వస్తున్నావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. ఆ బంగారు రికార్డులో తిరుగుతున్న ప్రశ్నే. హాగరు మొదటి ప్రశ్నకే జవాబిచ్చింది. ఎవరి దగ్గర నుంచి పారిపోతున్నదో చెప్పింది. ఎక్కడికి వెళ్తున్నదో చెప్పలేదు. ఆమెకే తెలియదు. గల్ఫులో ఒక ఇంటి తలుపు తీసుకుని రోడ్డు మీదికి వచ్చిన మన ఆడబిడ్డలకు కూడా అంతే తెలుసు.

ఆ చోట ఆమె దేవునికి ఒక పేరు పెట్టింది, తనను చూసేవాడని. దేవుడు ఆమె కడుపులోని బిడ్డకు పేరు పెట్టాడు, ఇష్మాయేలు. హెబ్రీ భాషలో ఆ పేరుకు అర్థం, దేవుడు వింటాడు అని. ఆ తల్లి జీవితమంతా తన కొడుకును "దేవుడు వింటాడు, ఇటు రా", "దేవుడు వింటాడు, అన్నం తిను" అని పిలిచిందన్నమాట. ఆ సంగతి తలచుకుంటే మాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

21వ అధ్యాయంలో ఆమెను మళ్ళీ ఎడారిలోకి పంపేశారు. తిత్తిలో నీళ్ళు అయిపోయాయి. బిడ్డ చావును కళ్ళతో చూడలేక అతణ్ణి ఒక పొద కింద వదిలి, బాణం వేస్తే పడేంత దూరంలో కూర్చుని బిగ్గరగా ఏడ్చింది. బిగ్గరగా ఏడ్చినది తల్లి. కాని దేవుడు విన్నది ఆ చిన్నవాని స్వరం అని వాక్యంలో ఉంది. ఆ చిన్నవాడు ఏమన్నాడో ఒక్క మాటైనా రాసిలేదు. దాహంతో నాలుక ఎండిన పిల్లవాడు ఏమనగలడు? మనుషుల చెవికి అందనంత సన్నని ఆ స్వరాన్ని, అతడున్న చోటనే దేవుడు విన్నాడు.

అప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు కూడా మాకు జవాబు దొరికింది. మరుసటి ఆదివారం పిల్లలతో ఇలా చెప్పాము. వాయేజర్ స్వరం ఆగిపోయాక కూడా అదెక్కడుందో దాన్ని పంపినవాళ్ళకు తెలుస్తుంది. ఎందుకంటే దాని దారి వాళ్ళకు తెలుసు. ఎంత వేగంతో, ఏ దిక్కుకు పోతోందో లెక్క ఉంది. ఇంకా 40,000 ఏళ్ళకు అది ఏ నక్షత్రానికి దగ్గరగా పోతుందో కూడా ఇప్పుడే చెప్పగలుగుతున్నారు. అది మాట్లాడకపోవడం వల్ల అది తప్పిపోయినట్టు కాదు. మనుషులే తాము చేసిన యంత్రపు దారిని అంత దూరం ఎరిగి ఉంటే, మనిషిని తల్లి కడుపులో రూపొందించినవాడు మనిషి దారిని ఎరుగడా? 139వ కీర్తనలో దావీదు చెప్పుకున్నది ఇదే. ఆకాశానికెక్కినా, సముద్రపు చివరికి పోయి దిగినా ఆయన చెయ్యి అక్కడ ముందే ఉంటుందన్నాడు. చీకటి కూడా ఆయనకు చీకటి కాదన్నాడు.

ఆ పిల్ల ఏమీ అనలేదు. ఆ రోజు ప్రార్థనలో మాత్రం వాళ్ళమ్మ పేరు బయటికి పలికి ప్రార్థించింది. అంతకుముందు ఎప్పుడూ పలకలేదు.

మీ అమ్మ తప్పక తిరిగి వస్తుందని మేము ఆ పిల్లకు మాటివ్వలేదు. దేవుడు మాకు చెప్పని సంగతిని ఆయన పేరున చెప్పే అధికారం మాకు లేదు. విశ్వాసం పేరుతో అలాంటి మాటలు చెప్పి, తర్వాత కనబడకుండా పోయేవారిని చూశాము. ఆమె ఎక్కడున్నా ఆయన చూపు దాటి లేదని మాత్రం చెప్పగలం. అది చిన్న మాట అనుకోకండి. నీళ్ళు అయిపోయిన హాగరుకు ముందు దొరికినది ఆ మాటే. తర్వాతే ఆమె కళ్ళు తెరవబడి బావి కనబడింది.

మరి ఆ ఫోను నంబరు? "తీసెయ్యొద్దమ్మా" అని చెప్పాము. 23 వాట్ల స్వరం కోసం చదువుకున్నవాళ్ళు 70 మీటర్ల చెవి పట్టుకుని కూర్చుంటే, కన్నతల్లి కూతురి స్వరం కోసం ఒక ఫోను పట్టుకుని గట్టు మీద కూర్చోవడం దండగ ఎలా అవుతుంది? మన స్త్రీల సహవాసంలోని అక్కలు ఈ మాట విని, ఇక నుంచి ఆ రీఛార్జి సంగతి తాము చూసుకుంటామన్నారు. కొన్ని శుక్రవారాలు వాళ్ళలో ఎవరో ఒకరు మామ్మతో పాటు గట్టెక్కి కూర్చుంటున్నారు. ఫోను ఇంతవరకు మోగలేదు. మామ్మ మాత్రం ఒంటరిగా లేదు.

ప్రియులారా, దేవుడు వింటాడని ప్రసంగించడం సులువు. ఆ వినే దేవుని బిడ్డలమైన మనం వింటున్నామా? అందుకే ఈ వారం కొన్ని పనులు చేయమని మిమ్మల్ని బ్రతిమాలుకుంటున్నాము.

మీ ఇంటినుంచి ఎవరైనా విదేశాలకు పనికి వెళ్తుంటే, వారి పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం నకళ్ళు ఇంట్లో ఒకటి, సంఘంలో ఒకటి ఉంచండి. అక్కడి యజమాని చిరునామా, ఫోను నంబరు రాసి పెట్టుకోండి. కబురు ఆగిపోతే సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్ ఉంది, మన రాష్ట్రంలో ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్నార్టీ సొసైటీ ఉంది. ఎలా రాయాలో తెలియకపోతే మన యువకులు కూర్చుని రాసిపెడతారు.

దూరాన ఉన్న మీ వాళ్ళు ఫోను చేసినప్పుడు డబ్బు సంగతి చివర అడగండి. ముందు "తిన్నావా, నిద్ర పడుతోందా" అని అడగండి. వాళ్ళు "బాగానే ఉన్నాను" అన్నప్పుడు ఆ గొంతు వెనుక ఏముందో ఆగి వినండి. అవతల మాట తడబడితే ఫోను పెట్టేయకండి.

ఇంకొకటి. దూరం కిలోమీటర్లలోనే ఉండదు. పక్క గదిలో పడుకున్న పెద్దాయన కూడా చాలా దూరంలో ఉండవచ్చు. రెండు డిగ్రీలు ముఖం పక్కకు తిప్పుకుని ఏళ్ళ తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములు మన సంఘంలోనే ఉన్నారు. ఆ కేక ఎవరు ముందు వేస్తారని చూసుకోవద్దు. మీరే వేయండి. జవాబు రావడానికి సమయం పట్టినా ఎదురుచూడండి.

గల్ఫులో ఉండి రాత్రి పని ముగిశాక ఫోనులో ఇది చదువుతున్న తల్లీ, చెల్లీ, తమ్ముడూ, మీ కోసం ఇక్కడ ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పేరు పేరున ప్రార్థిస్తున్నాము. ఇంటికి ఫోను చేయడానికి మొహం చెల్లని పరిస్థితి ఏదైనా వచ్చి ఉంటే, ఒక్క మాట సంఘానికి పంపండి. ఏం జరిగిందని అడగము. ఎక్కడున్నారని మాత్రమే అడుగుతాము.

ప్రార్థన చేద్దాం.

పరలోకమందున్న మా తండ్రీ, నక్షత్రాలను వాటి దారుల్లో ఉంచిన దేవా, నీకు స్తోత్రము. మా ఇళ్ళ నుంచి దూరమైపోయిన ప్రతి బిడ్డను నీ చేతికి అప్పగించుచున్నాము. కబురు లేని ఇళ్ళలో కనిపెట్టుకుని ఉన్న తల్లులను, పిల్లలను బలపరచుము. మా మాట తడబడినా, మాట రాక మూలిగినా ఆలకించుము. నీవు వినునట్లు వినే చెవులను మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.

ప్రభువు కృప మీకందరికీ తోడై యుండును గాక.